ట్యాబ్ కొడితే రాని గీత: ఒక స్కానింగ్ ఆఫీసు కేసు

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న స్కానింగ్ యూనిట్. ప్రైవేటు సర్వేయర్లు, ప్లాన్లు గీసేవాళ్లు తెచ్చే పాత పొలం పటాలు, లేఅవుట్ షీట్లు స్కాన్ చేసి, ఊళ్లవారీగా దాచి, మళ్లీ అడిగినప్పుడు ప్రింటు తీసి ఇస్తారు. నలుగురు ఆపరేటర్లు, ఒక ఓనరు. పాత కంప్యూటర్లు కాబట్టి అన్నిటిలోనూ ఉబుంటు అనే లినక్స్ వేసుకున్నారు. పటాలన్నీ మూలనున్న స్టోరేజ్ పెట్టెలో ఉంటాయి. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. కమాండ్లను కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) వాడేవాళ్లు ఇట్టే పోల్చుకోగలరు.

వీళ్లు మౌస్ పెద్దగా వాడరు. ఫైల్ మేనేజర్‌లో ఆ స్టోరేజ్ తెరిస్తే థంబ్‌నెయిల్స్ అన్నీ వచ్చేదాకా టీ తాగి రావచ్చు. అందుకే నాకన్నా ముందు చూసినతను ఒక చిన్న స్క్రిప్టు రాసి ఇచ్చాడు. దాని పేరు ‘పెట్టు’. మొదట ఫోల్డర్ దారి, తరువాత ఫైళ్ల పేర్లు ఇస్తే వాటిని అక్కడికి చేరుస్తుంది. పటాలు అనే పెద్ద ఫోల్డర్, అందులో జిల్లా, జిల్లాలో మండలం, మండలంలో ఊరు. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ఇంత పొడుగు దారి రోజుకి వందసార్లు ఎవరూ టైపు చెయ్యరు కాబట్టి, నాలుగు అక్షరాలు కొట్టి, మిగతా పేరు దానంతటదే పూర్తయ్యేలా ట్యాబ్ నొక్కడం వాళ్ల చేతికి అలవాటైపోయింది.

ఒక విషయం ముందే చెప్పాలి, కేసంతా దీని మీదే తిరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు శ్రీకాకుళం జిల్లా 38 మండలాల నుంచి 30కి తగ్గింది. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరానికి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యంలో కలిశాయి. ఓనరు ఫోల్డర్లను కొత్త జిల్లాల కిందకి జరిపించాడు. కానీ ఆపరేటర్ల చేతులు పాత దారినే వెతుకుతాయని, పాత శ్రీకాకుళం ఫోల్డర్‌లో ఆ 8 మండలాల పేర్లతో లింకులు పెట్టించాడు. అంటే అక్కడ పాలకొండ అని కనిపించేది ఫోల్డర్ కాదు, అసలు ఫోల్డర్ ఎక్కడుందో చూపించే సిమ్‌లింకు.

వాళ్లు చెప్పిన సమస్య

ఓనరు ఫోన్ చేసింది ట్యాబ్ గురించి కాదు. స్కాన్ చేసిన షీట్లు కనబడటం లేదు, ఒకే పటాన్ని రెండుసార్లు, మూడుసార్లు స్కాన్ చెయ్యాల్సి వస్తోంది, ఒక సర్వేయరు వచ్చి గొడవ పెట్టుకున్నాడు. ట్యాబ్ మాట ఎత్తింది అక్కడ ఎక్కువ పని చేసే ఆపరేటరమ్మాయి.

“ఏటి మాస్టారూ, ఈ ట్యాబ్ బాగులేదండి. ఊరి కోసం కొడితే ఫైళ్లన్నీ వచ్చేస్తన్నాయి. తెర నిండిపోతంది.”

“అన్నీ చూపించాలా అని అడుగుతుంది కదమ్మా?”

“అడుగుతాది. కంగారులో వై కొట్టేస్తాం.”

ఇది నిజమే. చూపించాల్సినవి 100 దాటితే బాష్ (టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) ముందు అడుగుతుంది. వై నొక్కితే వేల స్కాన్ ఫైళ్ల పేర్లు పేజీలు పేజీలుగా దొర్లుతాయి. ‘పెట్టు’ లాంటి సొంత స్క్రిప్టు మొదటి మాటలో ఫోల్డరే కావాలని బాష్‌కి ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఫైళ్లూ ఫోల్డర్లూ కలిపి చూపిస్తుంది. నేను కూడా అక్కడే ఆగిపోయాను. ఫైళ్ల రొదలో తప్పు ఫోల్డర్ పడుతోంది, రొద తగ్గిస్తే తప్పులు తగ్గుతాయి అనుకున్నాను. సగం తప్పు అంచనా అది. కానీ రెండు వారాలు దాని మీదే పని చేశాను.

మొదట చేసినవి

మొదటి రోజు ఒక్క లైనుతో తేల్చేద్దామనుకున్నాను. ట్యాబ్ కొడితే ఏం చూపాలో బాష్‌కి చెప్పే కంప్లీట్ కమాండ్‌కి మైనస్ డి ఇచ్చి, పక్కన స్క్రిప్టు పేరు రాస్తే చాలు, ఇక ఆ కమాండ్‌కి ఫోల్డర్లు మాత్రమే వస్తాయి. ఈ సౌకర్యం కొత్తదేమీ కాదు, 2000లో వచ్చిన బాష్ 2.04 నుంచీ ఉంది. స్టోరేజ్ పెట్టె ప్రతిచోటా తనంతట తాను పెట్టుకునే థంబ్‌నెయిల్ ఫోల్డర్ జాబితాలో కనిపించకుండా మైనస్ ఎక్స్‌తో వడపోత కూడా పెట్టాను. మొదటిసారి అది పై వరసలో పనిచేసింది, మండలం లోపల పనిచెయ్యలేదు. కారణం చిన్నదే. ఆ వడపోత చూసేది చివరి పేరును కాదు, జిల్లా నుంచి మొదలయ్యే మొత్తం దారిని. నమూనా ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టగానే అన్నిచోట్లా పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్. ఫోల్డర్లు బాగానే వస్తున్నాయి, ఇప్పుడు ఫైళ్లు రావడం లేదు! మైనస్ డి అన్నాక మొదటి మాటకీ రెండో మాటకీ తేడా లేదు, మొత్తం కమాండ్‌కి ఫోల్డర్లే. స్కానర్ పెట్టే పొడుగు అంకెల పేర్లు పాపం వాళ్లు చేత్తో కొట్టుకుంటున్నారు. రొద తగ్గించబోయి పని పెంచాను.

ఇంకోటి కూడా గమనించాను. మైనస్ డి పెడితే ఫైళ్లు తెర మీదకి రావు గానీ, ప్రతి పేరూ ఫోల్డరా కాదా అని బాష్ వెనక అడిగి చూస్తూనే ఉంటుంది. నెట్‌వర్క్ మీద, వేల ఫైళ్లున్న చోట ఆ అడగడానికే టైం పడుతుంది. కళ్లకి తేలికైంది, వేగం ఏమీ పెరగలేదు.

మధ్యలో టైపింగ్ సెట్టింగులుండే ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైల్లో రెండు సెట్టింగులు కలిపాను. ఒకటి, క్యాపిటల్ లెటరా స్మాల్ లెటరా చూడవద్దని. రెండోది, అనుమానం ఉంటే రెండో ట్యాబ్ కోసం ఆగకుండా జాబితా వెంటనే చూపమని. ఇవి వాళ్లకి నచ్చాయి. ఎస్, ఏ, ఆర్ కొడితే సరుబుజ్జిలి, సారవకోట రెండూ పక్కపక్కన కనబడి, ఇంకో అక్షరం వేస్తే తేలిపోతుంది. కె, ఓ, టి కొడితే కొత్తూరు, కోటబొమ్మాళి. మన జిల్లా మండలాల పేర్లు ట్యాబ్‌కి భలే పరీక్ష పెడతాయి.

కానీ ఈ సెట్టింగే నాకు మొదటి అనుమానం తెచ్చింది. కొన్ని మండలాల్లో ఒకే ఊరు రెండుసార్లు కనబడింది, క్యాపిటల్‌తో ఒకటి, స్మాల్‌తో ఒకటి. ఇన్నాళ్లూ బాష్‌కి అవి వేర్వేరు పేర్లు కాబట్టి, ఎవరి చేతికి అలవాటైనది వాళ్లకి వచ్చేది. ఇద్దరూ తమ ఫోల్డరే అసలుదనుకుని షీట్లు దాచుకుంటున్నారు. ఆ రోజు దాన్ని పట్టించుకోకుండా ‘తరువాత కలపాలి’ అని కాగితం మీద రాసుకుని వదిలేశాను. అక్కడే ఆగి, అసలీ రెండో ఫోల్డర్‌ని ఎవరు పుట్టించారని అడిగుంటే పది రోజులు కలిసొచ్చేది.

విఫలమైన ఫంక్షన్

మైనస్ డి చాలదని తేలాక, ట్యాబ్‌కి ఎక్కడ ఏం చూపాలో తేల్చే ఫంక్షన్ (చిన్న కోడు) రాయక తప్పలేదు. ఎన్నో మాట దగ్గర ఉన్నామో బాష్ ఒక వేరియబుల్‌లో చెబుతుంది. మొదటి మాటైతే ఫోల్డర్లు, కాకపోతే ఫైళ్లు. అంతవరకూ ఆపితే బాగుండేది. నేను అత్యాశకి పోయాను. ప్రతిసారీ పటాలు ఫోల్డర్ పూర్తి దారి ఎందుకు కొట్టాలి, ఎక్కడున్నా సరే జిల్లా పేరుతోనే మొదలుపెట్టేలా చేద్దామని, ఫంక్షన్ లోపల పటాలు ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడి పేర్లు తెచ్చేలా రాశాను.

మా ఇంటి దగ్గర బాగా పనిచేసింది. ఆఫీసులో పెట్టగానే జిల్లా పేరు తరువాత స్లాష్ (దారిలో పేర్లను విడదీసే ఏటవాలు గీత) రావాల్సిన చోట ఖాళీ వచ్చింది. ఖాళీ వస్తే ఆ మాట అయిపోయినట్టే, తరువాత కొట్టేది ఫైలు పేరు కింద లెక్క. కారణం దొరకడానికి సాయంత్రం అయింది. ఇవి ఫైలు పేర్లు అని ఫంక్షన్ చెబితే, స్లాష్ పెట్టాలా వద్దా అనేది రీడ్‌లైన్ (బాష్‌లో టైపింగ్‌నీ ట్యాబ్‌నీ చూసుకునే భాగం) స్వయంగా చూసి నిర్ణయించుకుంటుంది. ఎక్కడ చూస్తుంది? ఆపరేటర్ ఇప్పుడున్న ఫోల్డర్‌లో. నేను పేర్లు తెచ్చింది పటాలు ఫోల్డర్ నుంచి. స్కాన్ ఫోల్డర్‌లో శ్రీకాకుళం అనే పేరే లేదు కాబట్టి అది ఫోల్డర్ అని దానికి తెలియదు, ఖాళీ పెట్టి ఊరుకుంది. ఇంటి దగ్గర పనిచేసింది ఎందుకంటే అక్కడ నేను పటాలు ఫోల్డర్ లోపలే కూర్చుని పరీక్షించాను.

దీనికితోడు ఖాళీ ఉన్న పేర్లు. వజ్రపుకొత్తూరును ఒకరు రెండు మాటలుగా రాశారు. నేను కాంప్‌జెన్ (సరిపోయే పేర్లు తెచ్చే కమాండ్) ఇచ్చిన జాబితాను మామూలుగా అర్రే అనే పేర్ల వరసలో పోసేశాను, ఖాళీ దగ్గర పేరు రెండు ముక్కలై వజ్రపు ఒకటి, కొత్తూరు ఒకటి అయింది. ఇక్కడ కొత్తూరు అనే మండలం నిజంగా ఉంది! అలాంటి జాబితాను ఆపరేటర్ల చేతికి ఇవ్వడం ప్రమాదం. ఆ సాయంత్రమే ఫంక్షన్ తీసేసి, పాత మైనస్ డి లైను తిరిగి పెట్టి ఇంటికొచ్చాను. ఓనరు మొహం బాగోలేదు.

“బాబూ, ఆ ట్యాబ్ గొడవ తీసీ. చేత్తో టైపు చేసుకుంటారు.”

ఆ మాట విన్నాక, మళ్లీ కోడ్ ముట్టుకోకూడదని, ముందు ఒక పూట అక్కడ కూర్చుని ఊరికే చూడాలని అనుకున్నాను.

పక్కన కూర్చున్న పూట

ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని మూడు గంటలు కూర్చున్నాను. మొదటి గంటలో ఏమీ తప్పు జరగలేదు. తరువాత పాలకొండ మండలం షీట్లు వచ్చాయి. పటాలు, శ్రీకాకుళం, ఆ తరువాత పి, ఏ, ఎల్. పలాస, పాలకొండ రెండూ కనబడ్డాయి. కె వేసి ట్యాబ్ కొట్టింది. పాలకొండ అని వచ్చింది. చెయ్యి ఆగకుండా ఊరి పేరు మొదటి రెండక్షరాలు కొట్టి మళ్లీ ట్యాబ్. ఏమీ రాలేదు. ఇంకోసారి ట్యాబ్. రాలేదు. ఇక ఊరి పేరు మొత్తం చేత్తో కొట్టి ఎంటర్ నొక్కింది. స్క్రిప్టు ‘అయింది’ అని పచ్చ రంగులో చెప్పింది.

“ఆగమ్మా. పాలకొండకీ ఊరికీ మధ్య గీతేదీ?”

తెర వైపు వంగి చూసింది. “ఒలమ్మో. గీత రాలేదేటి?”

గీత రాదు. రీడ్‌లైన్ మామూలుగా నిజం ఫోల్డర్‌కే వెంటనే స్లాష్ పెడుతుంది. ఫోల్డర్‌ని చూపించే లింకైతే మొదటి ట్యాబ్‌కి పేరు వరకే పూర్తి చేసి ఆగుతుంది, స్లాష్ కావాలంటే రెండోసారి ట్యాబ్ కొట్టాలి. దానికి కారణం లేకపోలేదు, లింకునే చెరిపెయ్యాలన్నా, పేరు మార్చాలన్నా చివర స్లాష్ ఉండకూడదు. కానీ 30 మండలాలకి స్లాష్ దానంతటదే వచ్చి, 8 మండలాలకి రాకపోతే, ఆ తేడా వేళ్లకి ఎలా తెలుస్తుంది? అది ఫోల్డరో లింకో ఆమెకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అయినా ఇది సగమే. పాలకొండ పేరుకి ఊరి పేరు అతుక్కున్న ఫోల్డర్ లోకంలో ఎక్కడా లేదు కదా, మరి స్క్రిప్టు ‘అయింది’ అని ఎలా అంది? స్క్రిప్టు తెరిచి చూశాను. కాపీ చేసే లైనుకి ముందు ఎంకేడిర్ మైనస్ పి. ఇచ్చిన దారి లేకపోతే మారు మాట్లాడకుండా పుట్టించేస్తుంది. కొత్త ఊరొచ్చినప్పుడు ఆపరేటర్లు ఆగిపోకూడదని మంచికే పెట్టాడు ఆ ముందటతను. నేనూ అలాగే రాసేవాణ్ణేమో.

తప్పు ఫోల్డర్ ఒకసారి పుట్టాక అది కూడా జాబితాలోకి ఎక్కుతుంది. మర్నాడు పాలకొండ కోసం ట్యాబ్ కొడితే ఇప్పుడు రెండు పేర్లు సరిపోతాయి, కాబట్టి స్లాష్ రాకుండా మధ్యలో ఆగుతుంది, మళ్లీ తప్పుకి దారి. నిన్నటి తప్పును ట్యాబ్ ఇవాళ సరైన పేరు పక్కనే కూర్చోబెట్టి చూపిస్తుంది. ఫైండ్‌తో వెతికితే ఇలా పుట్టినవి 40 పైగా దొరికాయి. పోయాయనుకున్న షీట్లలో చాలావరకు వాటిలోనే ఉన్నాయి.

పనిచేసినవి

ముందు ట్యాబ్‌ని ముట్టుకోలేదు. స్క్రిప్టులో ఆ ఎంకేడిర్ లైను తీసేశాను. దారి లేకపోతే ఎర్ర రంగులో లేదని చెప్పి ఆగుతుంది. కొత్త ఊరు పెట్టడానికి వేరే కమాండ్, అది ఓనరు లాగిన్‌లోనే పనిచేస్తుంది. ఆపరేటర్లు గొణిగారు, ప్రతి కొత్త ఊరికీ ఆయన్ని పిలవాలా అని. కానీ కొత్త ఊరు వారానికి ఒకటో రెండో వస్తాయి. నాలుగు సెకన్ల విసుగుకీ, ఒక షీటు పోవడానికీ మధ్య నాకు అనుమానం లేదు.

తరువాత ఇన్‌పుట్‌ఆర్‌సీలో మార్క్ సిమ్‌లింక్డ్ డైరెక్టరీస్ ఆన్ చేశాను. ఇప్పుడు ఫోల్డర్ మారే సీడీ కొట్టినా ఇంకేది కొట్టినా లింకులకి కూడా మొదటి ట్యాబ్‌కే గీత. లింకులే తీసేసి కొత్త జిల్లా అలవాటు చేయిద్దామా అని కూడా ఆలోచించాను. కానీ వచ్చే కస్టమర్లే ఇంకా ‘శ్రీకాకుళం జిల్లా, పాలకొండ’ అని రాసిన పాత కాగితాలు తెస్తారు. కాగితం మీద ఉన్న దారి పనిచెయ్యడమే మంచిదనిపించి ఉంచేశాను.

40 తప్పు ఫోల్డర్లు, క్యాపిటల్ స్మాల్ జంటలు ఓనరుతో కలిసి చేత్తో కలిపాం, రెండు ఆదివారాలు పట్టింది. దీనికి స్క్రిప్టు రాయలేదు. రెండూ ఒకే ఊరా కాదా అని చెప్పగలిగింది ఆయనొక్కడే. పనిలో పనిగా పేర్లలోని ఖాళీలన్నీ అండర్‌స్కోర్లు చేశాం.

ఆ తరువాతే ఫంక్షన్ మళ్లీ రాశాను. ఈసారి స్లాష్ విషయం రీడ్‌లైన్‌కి వదల్లేదు. కాంప్‌జెన్‌కే మైనస్ ఎస్ ఇచ్చి ప్రతి పేరు చివరా స్లాష్ నేనే అంటించి, నోస్పేస్ పెట్టి ఖాళీ రాకుండా ఆపాను. అర్రేలో పోయడానికి, లైనుకో పేరుగా చదివే మ్యాప్‌ఫైల్ (బాష్ 4 నుంచి ఉంది) వాడాను, ఖాళీల్లేవు కదా అని పాత పద్ధతికి పోలేదు, రేపు ఎవరు ఏ పేరు పెడతారో తెలియదు. పరీక్ష స్కాన్ ఫోల్డర్‌లో కూర్చునే చేశాను.

మిగిలింది స్పెల్లింగ్. ఆమదాలవలసలో మూడో అక్షరం కొందరికి ఏ, కొందరికి యు. యు కొట్టినవాళ్లకి ట్యాబ్ శూన్యం. బాష్‌లో డిర్‌స్పెల్ అని ఒక సెట్టింగు ఉంది, ఫోల్డర్ పేరులో చిన్న తప్పులుంటే దిద్దడానికి ప్రయత్నిస్తుంది. బాష్ బదులు జెడ్‌షెల్‌కి మారితే దగ్గరి పేర్లను ఊహించే ఏర్పాటు ఇంకా గట్టిగా ఉంటుంది. రెండూ వద్దనుకున్నాను. ఒక్క అక్షరం తేడాతో రెండు నిజమైన ఊళ్లుండే చోట మెషీన్ ఊహించకూడదు. ఇది పొలం పటాల వ్యవహారం.

అందుకు బదులు ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టాను. ఎడమ పక్క జనం కొట్టే స్పెల్లింగ్, కుడి పక్క అసలు ఫోల్డర్ పేరు. మామూలుగా ఏమీ దొరకనప్పుడే ఫంక్షన్ ఆ ఫైలు చూస్తుంది. అందులో ఒకే ఒక్కటి సరిపోతే కొట్టిన మాట తీసి అసలు పేరు పెడుతుంది. రెండు సరిపోతే ఏమీ చెయ్యదు. కొట్టినదానితో మొదలవ్వని పేర్లు ఒకటికి మించి తిరిగిచ్చామంటే, తెర మీద కొట్టిన అక్షరాలు చెరిగిపోయే ప్రమాదం ఉంది, అదింకో గందరగోళం. రేగిడి ఆమదాలవలసని కావాలనే ఈ ఫైల్లో చేర్చలేదు, ఆర్‌తో మొదలుపెట్టి వెతకడమే దానికి క్షేమం.

నేను నేర్చుకున్నది రాసుకుంటే ఒక పేజీ కూడా లేదు. వాళ్లు ట్యాబ్ అన్నారని నేను ట్యాబ్ పట్టుకుని వేలాడాను, పోతున్నది షీట్లు కాబట్టి షీట్లను చేర్చే స్క్రిప్టు ముందు చదవాల్సింది. లేని దారిని పుట్టించే కమాండ్ వెనక ఉంటే, ముందు ఎంత మంచి ట్యాబ్ కంప్లీషన్ పెట్టినా చెత్తనే ముచ్చటగా చూపిస్తుంది. ఇక పరీక్ష ఎప్పుడూ ఆపరేటర్ కూర్చునే ఫోల్డర్ నుంచే చెయ్యాలి, ఇది మాత్రం గోడకి అంటించుకున్నాను.

ఆరు నెలల తరువాత ఒకసారి వెళ్లాను. ‘లేదు’ అనే ఎర్ర అక్షరాలు రోజుకి మూడు నాలుగుసార్లు వస్తున్నాయట, అంటే అన్నిసార్లు ఒక షీటు దారి తప్పబోయి ఆగింది. స్పెల్లింగ్ ఫైలు ఇప్పుడు ఆ అమ్మాయే చూసుకుంటోంది. తెరిచి చూపించింది. 71 లైన్లున్నాయి, ఒక్క ఎచ్చెర్లకే నాలుగు.